చిల్లురాయి అవతలి చెయ్యి

హెస్టిగార్త్ పారిష్‌లో, అంటే ఒకే చర్చి కింద ఉన్న పల్లెల్లో, ఆడవాళ్ళకి పొద్దు ఆవుల దగ్గర మొదలయ్యేది. పాలు పితికి, రాత్రి బూడిద కింద కప్పెట్టిన నిప్పు మీద, బురదనేల నుంచి కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు రెండు పేర్చి, బార్లీ రొట్టె ముక్కొకటి నోట్లో వేసుకుని, వీపుకి బుట్ట తగిలించుకుని పడమటి ఒడ్డుకి సముద్రపు నాచు ఏరడానికి బయల్దేరేవాళ్ళు. కొండవైపు ఇళ్ళవాళ్ళు ఉత్తరం నుంచీ, రేవువైపు ఇళ్ళవాళ్ళు దక్షిణం నుంచీ వచ్చి, రెండు సరస్సుల మధ్య ఉన్న సన్నటి నేల మీద, చిల్లురాయి దగ్గర కలుసుకునేవాళ్ళు. అక్కడ బుట్టలు దించి, ఒకరి తర్వాత ఒకరు రాతి చిల్లులో కుడిచెయ్యి దూర్చి, ఊళ్ళో లేని మగవాళ్ళ క్షేమం కనుక్కునేవాళ్ళు.

"మా ముసలాడు మళ్ళీ గోళ్ళు పెంచాడే" అనేది సిబ్బీ హెడిల్. ఆమె మొగుడు గ్రీన్‌లాండ్ వైపు తిమింగలాల వేటకి పోయేవాడు. "చేతికి ఒకటే జిడ్డు. ఏదో పెద్దదే పడినట్టుంది."

"నీకేం పెద్దమ్మా, జిడ్డైనా ఉంది. మావాడి చెయ్యి తాడు లాగీ లాగీ చెక్కలా తయారైంది" అనేది ఇంకొకతె.

అలా కబుర్లన్నీ చెప్పుకుని మళ్ళీ బుట్టలు ఎత్తుకునేవాళ్ళు.

చిల్లురాయి ఇద్దరు మనుషులంత ఎత్తు. గుండెల దగ్గర, చెయ్యి సులువుగా దూరేంత చిల్లు. ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో తెలీదు. మా పారిష్‌లో అలాంటివి చాలానే ఉన్నాయి. లోపల రాతి గదులున్న పచ్చటి గుట్టలు, గుండ్రంగా నిలబడ్డ రాళ్ళు, సముద్రం ఏటేటా కాస్త కాస్త కొరుక్కుతినే పాత కోటగోడ. చెట్టు మాత్రం ఒక్కటి లేదు, గాలి ఉండనివ్వదు. మిగతా పాతవాటితో ఎవరికీ అవసరం పడదు కానీ చిల్లురాయితో రోజూ పనే. పెళ్ళి చేసుకోవాలనుకున్న ఇద్దరు రాయికి చెరోవైపు నిలబడి, చిల్లులోంచి చేతులు పట్టుకుని మాట ఇచ్చుకుంటే, ఆ తర్వాత వాళ్ళలో ఒకరు ఏ దేశంలో ఉన్నా సరే, రెండోవాళ్ళు ఇక్కడ చెయ్యి పెడితే ఆ చెయ్యి తగులుతుంది. అవతలి మనిషికి కూడా అరచేతిలో ఈ పట్టు తెలుస్తుంది. ఇందులో వింతేముందని మావాళ్ళు అనుకునేవాళ్ళు. మాట ఇచ్చాక చెయ్యి ఉండాలి కదా.

మాట వెనక్కి తీసుకోవడానికీ పద్ధతి ఉంది. ఇద్దరూ కలిసి చర్చిలోకి వెళ్ళి, ఒకరు ఉత్తరపు గుమ్మంలోంచీ ఒకరు దక్షిణపు గుమ్మంలోంచీ బయటికి వస్తే చాలు, ఆ పూటకే చిల్లులో గాలి తప్ప ఏమీ మిగలదు. మామూలుగా కొండవైపు వాళ్ళది ఉత్తరపు గుమ్మం, రేవువైపు వాళ్ళది దక్షిణపు గుమ్మం. అందుకని మాట ఇచ్చుకున్న జంట చర్చికి వస్తే, మగవాడు ఏవైపు వాడైనా సరే, ఆడపిల్ల గుమ్మంలోంచే బయటికి రావాలి. ఆమె ముందు నడుస్తుంది, అతను వెనక నడుస్తాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే నమ్మకం లేనట్టు.

ఓస్లా ఫ్లెట్ కొండవైపు పిల్ల. పిల్ల అంటున్నాను కానీ ఈ కథ నాటికి ఆమెకి ముప్ఫై దాటాయి. నికోల్ ఇంక్‌స్టర్ రేవువైపు వాడు. ఇద్దరూ చిల్లురాయి దగ్గర మాట ఇచ్చుకున్న నెలలోనే అతను వాయవ్యం పోయాడు. వాయవ్యం పోవడమంటే మావాళ్ళకి స్ట్రోమ్‌నెస్ రేవులో ఓడెక్కి, మంచు అఖాతం ఒడ్డున బొచ్చుతోళ్ళ కంపెనీ కొలువులో చేరడం. ఐదేళ్ళ ఒప్పందం అన్నాడు. అది అయ్యాక ఇంకో ఐదేళ్ళకి వేలిముద్ర వేశాడు. అటు పోయినవాళ్ళంతా అంతే, మంచులో కాలు కూరుకుపోయినట్టు ఉండిపోయేవాళ్ళు.

మొదటి ఐదేళ్ళూ ఓస్లా ఒక్క రోజు కూడా తప్పకుండా అతని చెయ్యి పట్టుకునేది. ఇక్కడ తెల్లవారితే అక్కడ నడిరాత్రి అని పాదిరిగారు ఒకసారి గోళం తిప్పి చూపించారు. అందుకే ఆమెకి ఎక్కువగా తెలిసింది అతని నిద్రచెయ్యి. అరచేతిలో గొడ్డలి తగిలిన గాటు, చలికి చివర రాలిపోయిన చిటికెనవేలు, వేసవిలో దోమకాట్ల గరుకు, అన్నీ ఆమె చేతికి తెలుసు. చిటికెనవేలు పొట్టిదైపోయిందని తెలిసిన రోజు ఓస్లా ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి పడుకుంది. అతని తల్లి గిర్జీ మంచాన పడితే రేవువైపు ఇంటికి రోజూ నడిచెళ్ళి సేవ చేసింది, ప్రాణం పోయాక ముసలామె కనురెప్పలు మూసింది కూడా ఓస్లాయే. కోడలు అని ఎవరూ పిలవకపోయినా ఆ పనులన్నీ కోడలే చేసింది.

నికోల్ వెళ్ళిన ఆరో ఏట ఒక పొద్దున, చిల్లులో చెయ్యి పెట్టిన ఓస్లాకి అతని బొటనవేలు అందలేదు. దాన్ని అప్పటికే ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. పాలు తాగే బిడ్డ పిడికిలి. మెత్తగా, వెచ్చగా, కొంచెం తడిగా ఉంది.

"ఏమంటున్నాడే?" అని వెనక నుంచి సిబ్బీ అడిగింది.

"నిద్రపోతున్నాడు పెద్దమ్మా" అంది ఓస్లా.

సిబ్బీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకి చెబితే సాయంత్రానికల్లా పారిష్ మొత్తానికి చెప్పినట్టే. అందుకని ఓస్లా చెప్పలేదు. తల్లికి చెప్పలేదు, తండ్రికి చెప్పలేదు. కొన్నాళ్ళు కాలు నొప్పి అని నాచుకి వెళ్ళడమే మానేసింది. అతని మీద కోపం, ఎవరో తెలియని ఆ ఆడమనిషి మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ తన మీద తనకి కోపం. తర్వాత ఒకరోజు వెళ్ళింది. చెయ్యి పెడితే ఆ పిడికిలి అక్కడే ఉంది, అదివరకటి కంటే కాస్త పెద్దదైంది. అప్పటి నుంచీ మళ్ళీ రోజూ వెళ్ళింది. ఆ పిడికిలి పెరగడం ఆమెకి తెలుస్తూనే ఉంది. వేళ్ళు సాగాయి, గోళ్ళు గట్టిపడ్డాయి, ఒక చలికాలం అది జ్వరంతో కాలిపోతే ఓస్లా ఇక్కడ తిండి సరిగా తినలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, కొన్ని పొద్దులు ఆమె అతని కోసం కాక ఆ బిడ్డ కోసమే వెళ్ళింది.

ఏటా జూన్‌లో ఓడలు స్ట్రోమ్‌నెస్‌లో మంచినీళ్ళకి ఆగేవి. అటు వెళ్ళే మనిషి ఎవరి చేతనైనా, 'నాకు తెలుసు, నువ్వు ఉండిపో, ఎప్పుడైనా వచ్చినప్పుడు రెండు గుమ్మాల్లోంచీ బయటికి వద్దాం' అని ఒక్క ముక్క పంపి ఉండొచ్చు. పంపలేదు. పంపితే ఆ చెయ్యి ఇక తనది కాదు. పంపడానికి బదులు రోజూ పొద్దున్నే అంతకుముందు కంటే గట్టిగా పట్టుకునేది.

ఆ తర్వాత ఒక శరదృతువులో నికోల్ తిరిగొచ్చాడు.

మనిషి బాగా ముదిరాడు. గడ్డం పెరిగింది, మాట తగ్గింది. కాళ్ళకి జింకతోలు చెప్పులు, వాటికి అడుగు చప్పుడే ఉండదు. మా పారిష్‌లో తోలు బూట్లకి ఇనప మేకులు కొట్టించుకుని, వీధి చివర ఉండగానే తెలిసేలా నడుస్తారు మగవాళ్ళు. నికోల్ పిల్లిలా వచ్చి పక్కన నిలబడేసరికి సిబ్బీకి ఒకసారి పాలకుండ చెయ్యి జారింది.

"ఏరా, పదేళ్ళు తోళ్ళ వ్యాపారం చేసి సంపాదించింది ఆ కాలి తొడుగులేనా?" అంది. "గుమ్మంలోకి వచ్చేముందు ఓ దగ్గు దగ్గరా నాయనా. నేనసలే గుండెజబ్బు మనిషిని."

"అలవాటు తప్పింది పెద్దమ్మా" అన్నాడు నికోల్.

"దగ్గడమా?"

"మనుషుల ఇళ్ళకి రావడం."

ఓస్లా, నికోల్ ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పదేళ్ళు చేతులతోనే మాట్లాడుకున్నవాళ్ళకి ఒకరి గొంతు ఒకరికి కొత్త. అతను ముఖం ఎత్తితే ఈమె పొయ్యి చూసేది, ఈమె ముఖం ఎత్తితే అతను చేతులు చూసుకునేవాడు. పెళ్ళి వచ్చే జూన్‌లో అనుకున్నారు, పీట్ కోతలు అయ్యాక. తల్లి పోయాక కూలిపోయిన ఇంటికి ఈలోగా అతను మళ్ళీ గోడలు లేపి, గడ్డి కప్పు వెయ్యాలి.

చలికాలమంతా ఓస్లా ఒక్క మాట కోసం ఎదురుచూసింది. అతను తనంతట తాను చెప్పాలి. చెబితే ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. ఏడుస్తుందో, తిడుతుందో, ఆ బిడ్డని ఇక్కడికి తెచ్చుకుందాం అంటుందో. కానీ చెప్పకుండా పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆ ఇంట్లో తాను ఉండలేనని ఆమెకి తెలుసు. అడగడానికి నోరు రాలేదు. ఆమె కూడా ఐదేళ్ళు దాచింది కదా. అందుకని చుట్టూ తిప్పి అడిగేది.

"అక్కడ రాత్రుళ్ళు ఎలా ఉండేవి?"

"చలి."

"గుడిసెలో ఒక్కడివే ఉండేవాడివా?"

నికోల్ పొయ్యిలో పీట్ గడ్డని అటు తిప్పి ఇటు తిప్పాడు.

"కుక్కలుండేవి" అన్నాడు.

కాసేపటికి పొయ్యి వేడికి అతను కుర్చీలోనే నిద్రపోయాడు. ఒళ్ళో చెయ్యి వెల్లకిలా పడుంది, వేళ్ళన్నీ ముడుచుకున్నాయి, బొటనవేలు మాత్రం బయటికి చాచి ఉంది. ఎవరైనా వచ్చి పట్టుకుంటారని ఉంచినట్టు ఉంది. ఓస్లా లేచి ఆవుల దగ్గరికి వెళ్ళిపోయింది, అప్పుడు పాలు పితికే వేళ కాకపోయినా.

వసంతంలో మా పాదిరిగారు గెవిన్ హాలిబర్టన్ పారిష్ గురించి రాయడం మొదలుపెట్టారు. ఎడింబరోలో పెద్దలెవరో దేశంలోని ప్రతి పాదిరినీ తమ తమ పారిష్‌ల కొండలూ నీళ్ళూ పంటలూ పాతకట్టడాలూ వర్ణించి పంపమన్నారట. ఆయన తాడు పట్టుకుని గుట్ట గుట్టకీ తిరిగారు. చిల్లురాయి దగ్గరికి వచ్చేసరికి తాడు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చి, పీట్ కోతకి వెళ్తున్న ఓస్లానీ నికోల్‌నీ ఆపారు.

"దీని గురించి ఏం రాస్తారు అయ్యగారూ?" అని ఓస్లా అడిగింది.

"ఎత్తు, వెడల్పు, చిల్లు ఎంతుందో రాస్తాను. ఎందుకు నిలబెట్టారో తెలియదు అని రాస్తాను."

"చేతుల సంగతి?"

"వాళ్ళడిగిన ప్రశ్నల్లో అది లేదమ్మా" అన్నారు పాదిరిగారు, తాడు చుడుతూ. "అయినా దాంట్లో రాయడానికి ఏముంది. నేను ఎడింబరో సభకి వెళ్ళినప్పుడల్లా మా ఆవిడ ఇక్కడికొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. చేతికి సారా వాసన అంటుకుంటుందని ఆవిడ అంటుంది. అది అబద్ధం, వాసన రాదు. అదీ రాయమంటావా?"

నికోల్ నవ్వాడు. తిరిగొచ్చాక అతను నవ్వడం ఓస్లా అదే మొదటిసారి చూసింది. ఇలాంటి నవ్వు రోజుకొకటి ఉన్నా మిగతాది ఓర్చుకోవచ్చేమో అని ఆశపడింది. పీట్ బురదలో రోజంతా పక్కపక్కన పని చేశారు, సాయంత్రం అతను ఆమె బుట్ట కూడా మోశాడు. ఆ రోజు అడిగి ఉంటే చెప్పేవాడేమో. సంతోషంగా ఉన్న రోజుని ఎవరు పాడుచేసుకుంటారు.

పెళ్ళి చాటింపు మూడు ఆదివారాలు చర్చిలో చదవాలి. మూడోది జూన్‌లో పడింది. ఓడలు అప్పటికే స్ట్రోమ్‌నెస్ రేవులో లంగరు వేసి గాలి కోసం చూస్తున్నాయి. పాదిరిగారు పేర్లు చదివారు, అభ్యంతరం ఉన్నవాళ్ళని చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేదు. బల్లల మీద ఉన్నవాళ్ళంతా ఓస్లా వైపు తిరిగి చూశారు. ఆమె నికోల్ వైపు చూసింది. అతను తన అరచెయ్యి చూసుకుంటున్నాడు.

ఆఖరి కీర్తన అయ్యాక జనం లేచారు. ఓస్లా లేచి తన గుమ్మం వైపు, ఉత్తరం వైపు నడిచింది. ఆమె వెనక అతను రావాలి. ఆమె వెనక్కి తిరగకూడదు. మేకుల బూట్లయితే చప్పుడు వినబడేది. జింకతోలు చెప్పులకి చప్పుడు లేదు. అతను వస్తున్నాడని నమ్మి నడిచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది కూడా. వీపు మీద ఎవరి ఊపిరీ తగల్లేదు. అప్పుడు తల తిప్పి ఉండొచ్చు. ఊరి పద్ధతి అడ్డొచ్చిందో, తెలుసుకోవడానికి భయమేసిందో, తిప్పలేదు. గడప దాటి గడ్డి మీద కాలు పెట్టింది.

చర్చి గోడ చుట్టూ తిరిగి దక్షిణం వైపు వచ్చేసరికి నికోల్ అక్కడ, చిన్నప్పటి నుంచీ రేవువైపు వాళ్ళు నిలబడే చోటే నిలబడి ఉన్నాడు.

"అలవాటుగా వచ్చేశాను" అన్నాడు. "చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఇటే వచ్చేవాడిని. కాళ్ళు ఇటే వచ్చాయి."

జనం మూగారు. పొరపాటున జరిగింది లెక్కలోకి రాదని కొందరు, గుమ్మం గుమ్మమేనని కొందరు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని సిబ్బీ నికోల్‌ని తిట్టింది, తిడుతూ తిడుతూ కళ్ళు తుడుచుకుంది. పాదిరిగారిని అడిగితే ఆయన టోపీ తీసి చేతిలో తిప్పారు.

"చర్చి లెక్కలో చాటింపు చెల్లింది. రేపే పెళ్ళి చెయ్యమన్నా చేస్తాను" అన్నారు. "రాయి లెక్క నేను చెప్పలేను. అది మనసులో ఏముందో చూడదు, గుమ్మమే చూస్తుంది."

ఓస్లా సరస్సుల వైపు నడిచింది. ఎవరూ వెంట వెళ్ళలేదు. ఆ మాత్రం మర్యాద మావాళ్ళకి ఉంది. రాయి దగ్గరికి వెళ్ళి కుడిచెయ్యి చిల్లులో పెట్టింది. చెయ్యి నేరుగా అవతలికి వెళ్ళి గాలిలోకి వచ్చింది. వేళ్ళు ఆడించి చూసింది. అవతల గడ్డి మేస్తున్న గొర్రె ఒకటి వచ్చి, తినడానికేమైనా తెచ్చిందేమోనని వేళ్ళు నాకింది. ఓస్లా చెయ్యి వెనక్కి తీసుకుని, రాయికి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. పదేళ్ళలో ఆ చిల్లు ఖాళీగా ఉండడం ఆమెకి అదే మొదలు. ఆ చిన్న పిడికిలి అతను తిరిగొచ్చిననాడే పోయింది, ఇప్పుడు అతని చెయ్యి కూడా పోయింది.

నికోల్ వచ్చిన సంగతి ఆమెకి తెలీలేదు. రాయి అవతలి నుంచి గొంతు వినిపించింది.

"మళ్ళీ మాట ఇచ్చుకుందాం ఓస్లా. ఇచ్చుకోకూడదని ఎక్కడా లేదుగా."

చిల్లులోంచి అతని చెయ్యి ఇవతలికి వచ్చింది. మాట ఇచ్చుకున్న రోజు తర్వాత ఆ చెయ్యి ఆ చిల్లులోంచి రావడం ఓస్లా ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చినప్పటి నుంచీ సూటిగా చూడలేకపోయిన ఆ చెయ్యిని ఇప్పుడు వెలుతుర్లో చూసింది. గొడ్డలి గాటు తాను అనుకున్నంత పొడుగు లేదు. చిటికెనవేలు అనుకున్న దాని కంటే పొట్టిగా ఉంది. రాయి అడ్డుగా ఉంటే అతనితో మాట్లాడడం సులువైంది.

"రాత్రుళ్ళు నీ బొటనవేలు పట్టుకుని పడుకునేది కదూ" అంది.

చిల్లులో చెయ్యి కదలకుండా అక్కడే ఉంది.

"ఆడపిల్లా, మగపిల్లాడా? అది మాత్రం చేతికి తెలీలేదు నాకు."

"ఆడపిల్ల" అన్నాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"పుట్టినప్పటి నుంచి."

"తెలిసీ ఎందుకు పిలిచావు మరి?"

"నేనెప్పుడు పిలిచాను?"

"రోజూ పిలిచావు ఓస్లా. ఐదేళ్ళు రోజూ నడిరాత్రి నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నావు. నేను నిద్రలేచి కూర్చునేవాడిని. ఇచ్చిన మాట గుర్తుచేస్తోంది, వెళ్ళాలి అనుకునేవాడిని. అంత గట్టిగా పట్టుకుంటే రాకుండా ఎలా ఉంటాను?"

ఆ పట్టు పిలుపు కాదు. పోతావేమోనన్న భయం, కోపం, ఆ బిడ్డ వెచ్చదనం, అన్నీ కలిసిన పట్టు అది. చేతికి మాటలు రావు. వచ్చి ఉంటే ఈ మనిషి అక్కడే ఉండిపోయేవాడు, ఆ పిల్ల పక్కన రోజూ నిద్రపోయేవాడు. తాను కూడా ఎప్పుడో ఏడ్చి ఊరుకుని ఉండేది.

"దాని తల్లికి ఏం చెప్పి వచ్చావు?"

"ఏమీ చెప్పలేదు. ఆమె అడగలేదు."

"నాకూ అంతే కదా. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు" అంది ఓస్లా. "పిల్ల పేరేమిటి?"

"మా అమ్మ పేరే. గిర్జీ."

మా వైపు మగవాడు తన తల్లి పేరుని ఊరికే ఎవరికో పెట్టడు. ఇది నా బిడ్డ, ఇది నా ఇల్లు అని మనసులో గట్టిగా ఉంటేనే పెడతాడు. ముసలి గిర్జీ పోయేముందు ఓస్లా చెయ్యి పట్టుకుని, నీకు పుట్టే మొదటి ఆడపిల్లకి నా పేరు పెట్టుకో అమ్మా అంది. ఓస్లా సరేనంది. ఆ పేరుని ఆమె ఇన్నేళ్ళూ దాచి ఉంచుకుంది. అది అక్కడ, మంచులో, ఆ చిన్న పిడికిలికి ఎప్పుడో పెట్టేశారు. కోపం రాలేదు. పేరు సరైన చోటికే వెళ్ళింది. కాకపోతే ఆ పేరుతో పిలవడానికి ఇక తనకి ఎవరూ ఉండరు.

"పట్టుకో ఓస్లా" అన్నాడు నికోల్. "పట్టుకుంటే ఉండిపోతాను. ఒట్టు."

ఉండిపోతాడు, అది నిజమే. మాట తప్పే మనిషి కాదు. పట్టుకుంటే పెళ్ళి జరుగుతుంది, కొత్త గడ్డి కప్పు కింద కాపురం జరుగుతుంది, పిల్లలు పుడతారు. రోజూ రాత్రి ఆ బొటనవేలు దుప్పటి బయటికి చాచి ఉంటుంది. పట్టుకోవాలనే ఉంది ఆమెకి. పదేళ్ళ అలవాటున చెయ్యి సగం దాకా లేచింది కూడా.

అరచేతిలో అరచెయ్యి కలవకుండా, రెండు వేళ్ళతో అతని బొటనవేలు లోపలికి మడిచింది. మిగతా వేళ్ళు దాని మీద ఒక్కొక్కటే మూసింది. మూసిన పిడికిలిని చిల్లులోంచి మెల్లిగా అవతలికి తోసింది.

"ఓడలు ఇంకా వెళ్ళలేదు" అంది. "గాలి రేపు తిరుగుతుందంటున్నారు. ఇవాళే బయల్దేరు."

"నువ్వు?"

"నాచు కాలం కదా. పనుంది."

నికోల్ రాయి చుట్టూ తిరిగి ఇవతలికి రాలేదు. వస్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. అతను వెళ్ళే చప్పుడు కూడా వినబడలేదు. కాసేపు ఆగి ఓస్లా తొంగిచూస్తే స్ట్రోమ్‌నెస్ దారిలో చాలా దూరం వెళ్ళిపోయి ఉన్నాడు. ఈసారి వెనక్కి తిరిగి చూడని వంతు అతనిది.

గాలి మర్నాడు తిరిగింది. ఓడలు వెళ్ళాయి. కొత్త కప్పు వేసిన ఇంట్లో నికోల్ తమ్ముడి వరస అబ్బాయి ఒకడు కాపురం పెట్టాడు. పాదిరిగారి వర్ణన కూడా ఎడింబరో వెళ్ళింది. చిల్లురాయి ఎత్తు, వెడల్పు, ఎందుకు నిలబెట్టారో తెలియదు అని అందులో ఉంది.

ఓస్లాని పెళ్ళికి అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు, మంచివాళ్ళే. ఆమె ఎవరితోనూ రాయి దగ్గరికి వెళ్ళలేదు. పొద్దున్నే ఎప్పటిలాగే బుట్ట తగిలించుకుని అందరితో నాచుకి వెళ్ళేది. చిల్లురాయి దగ్గర మిగతావాళ్ళు ఆగితే తాను కొంచెం ముందుకెళ్ళి, వాళ్ళ వైపు వీపు పెట్టి, సముద్రం చూస్తూ నిలబడేది. వెనక నుంచి వాళ్ళ మాటలు వినిపించేవి. సిబ్బీ ఆమె కోసమే గొంతు తగ్గించి మాట్లాడేది, ఆ నోటికి గొంతు తగ్గించడం ఎంత వస్తే అంత. వాళ్ళు బుట్టలు ఎత్తుకుని వచ్చేదాకా ఓస్లా కుడిచెయ్యిని ఏప్రాన్‌లో గట్టిగా చుట్టుకుని నిలబడేది. ఏమైందని ఎవరైనా అడిగితే చలి అనేది. జూలైలో కూడా చలే అనేది.